రింగు పక్కన కుర్చీ

బాక్సింగు పోటీని చూడాలంటే ఇంట్లో టీవీ ముందు కూర్చోవడమే సుఖమని వాదించేవారు చాలామంది వున్నారు. "చెమట బొట్టుతో సహా కనిపిస్తుంది. అక్కడికి పోతే ముందు వరసవాడి తలకాయ కనిపిస్తుంది," అంటారు. యీ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యడానికి లేదు. 2022లో మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ విజేత అయింది ఇస్తాంబుల్‌లో. అంత దూరం యెవరు పోగలరు? టీవీ పుణ్యమా అని చూశాం, చప్పట్లు కొట్టాం.

అసలు యీ ఆట టెలివిజను కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఇరవై అడుగుల చదరంలో ఇద్దరే మనుషులు. కెమేరా పెద్దగా తిరగనక్కరలేదు. మూడు నిమిషాలు యుద్ధం, ఒక నిమిషం విరామం. ఆ విరామం మీద అమెరికాలో గడ్డం బ్లేడులు అమ్ముకునే జిలెట్ కంపెనీ వారి కన్ను పడింది. 1960 దాకా శుక్రవారం రాత్రుళ్లు వారి ఖర్చుతో ఎన్‌బీసీవారు పోటీలు చూపించారు. జనం ఇళ్లు కదలడం మానేశారు. చిన్న చిన్న హాళ్లు ఒక్కొక్కటే మూతబడ్డాయి. కొత్త కుర్రాళ్లు పని నేర్చుకునేది ఆ హాళ్లలోనే కదా! ఎ. జె. లీబ్లింగ్ అనే పత్రికా రచయితకు దీనిమీద చెడ్డ కోపం. 1951లో జో లూయీ, లీ సావోల్డ్‌ల పోటీని కొన్ని పట్నాలలో సినిమా తెరమీద చూపిస్తే, ఆయన మాత్రం టికెట్టు కొనుక్కుని మాడిసన్ స్క్వేర్ గార్డెనుకే వెళ్లాడు. అక్కడైతే బాక్సరుకు కేకవేసి సలహా చెప్పవచ్చు, తెరకు చెప్పి యేం లాభమని ఆయన గోల.

సలహాల మాట అటుంచండి. అంతర్ కళాశాల పోటీలకు విద్యార్థుల వెంట వెళ్లే పని అప్పుడప్పుడు నామీద పడుతుంది. తెలుగు చెప్పేవాడికి తీరిక యెక్కువని కళాశాలల్లో ఒక నమ్మకం. రింగు పక్కన కూర్చున్నవాడికి ముందుగా తెలిసేది చప్పుడు. దెబ్బ వేసేవాడు బుస్సుమని వూపిరి వదులుతాడు. డొక్కలో తగిలితే తడిసిన గోనెసంచిని కర్రతో బాదినట్టుంటుంది. కాన్వాసు కింద పలకలు దడదడమంటాయి. టీవీలో యీ దెబ్బే దూరాన యెవరో తలుపు తట్టినంత మర్యాదగా వినిపిస్తుంది.

ఆ తరువాత కాళ్లు. కెమేరాకు మొహాలంటే మోజు. దగ్గరకు జరిగినప్పుడల్లా నడుము కింద భాగాన్ని వదిలేస్తుంది. ఆటేమో సగం పాదాల్లోనే వుంది. వెనక్కి తగ్గేవాడు తెరమీద పారిపోతున్నట్టుంటాడు. పక్కనుంచి చూస్తే, యెదుటివాణ్ణి తనకు కావలసిన మూలకు నడిపించుకు పోతున్నాడని తెలుస్తుంది. ఇక ఆ ఒక్క నిమిషం విరామం! ఇంట్లో అది సబ్బుల ప్రకటనల పాలు. అక్కడ మాత్రం స్టూలు మీద కూలబడ్డ కుర్రాడి కళ్లలోకి శిక్షకుడు చూసే చూపు వుంటుంది. "ఇంకా వుందా నీలో?" అని అడగకుండానే అడుగుతాడు.

అలాగని హాల్లో కూర్చున్నవాడికే నిజం తెలుస్తుందనుకోకండి. మనవాడి చెయ్యి గాలిని తాకినా హోరు లేస్తుంది. పరాయివాడి దెబ్బ తగిలినా నిశ్శబ్దం. జడ్జీలకూ చెవులున్నాయి. పైగా కుర్చీ ఒక్కటే. బాక్సరు వీపు అటు తిరిగితే వీపే కనిపిస్తుంది. 1988 సియోల్ ఒలింపిక్సు ఫైనల్లో అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్ 86 దెబ్బలు కొట్టాడని, కొరియా బాక్సరు పార్క్ సీ-హున్ 32 కొట్టాడని లెక్క తేలింది. అయిదుగురు జడ్జీలలో ముగ్గురు కొరియావాడికే పతకం ఇచ్చారు. ఆ అన్యాయాన్ని లోకానికంతటికీ చూపించింది టీవీయే.

కాని ఇంకొక పోటీ వుంది. 1962 మార్చి 24న న్యూయార్కులో ఎమిల్ గ్రిఫిత్ పన్నెండో రౌండులో క్యూబా బాక్సరు బెన్నీ పారెట్‌ను మూలకు నెట్టి కొట్టాడు. తాళ్లు పట్టి నిలిపాయి గనక పారెట్ వెంటనే పడలేదు. రిఫరీ అడ్డం వచ్చేసరికి ఆలస్యమయింది. యేప్రిల్ 3న అతను చనిపోయాడు. పోటీ ముగిసిన ఆ రాత్రే టీవీలో ఆ దెబ్బల్ని మెల్లగా, విడివిడిగా మళ్లీ చూపించారు. అంత మెల్లగా చూపిస్తే దెబ్బకు బరువుండదు. నీటిలో చేతులాడించినట్టుంటుంది.

భాగవతంలో చాణూర ముష్టికులతో కృష్ణ బలరాములు తలపడినప్పుడు మథుర స్త్రీలు చూస్తూ వూరుకోలేదు. కొండల్లాంటి మల్లులకూ పసివాళ్లకూ పోటీ యేమిటి, యిది చూస్తూ కూర్చున్న సభకు పాపం తగలదా అని గోలపెట్టారు. పుస్తకంలో యీ ఘట్టం చెప్పేటప్పుడు నాకు యెప్పుడూ ఒక తల్లి గుర్తొస్తుంది. ఒక పోటీలో వాళ్లబ్బాయి ముక్కునుంచి రక్తం కారుతున్నది. అయినా చేతులెత్తి నిలబడ్డాడు. వెనక వరసలోంచి ఆవిడ లేచి, "ఆపండి బాబూ! పిల్లాడి కాళ్లు తేలిపోతున్నాయి!" అని అరిచింది. మేమంతా మొహం చూస్తున్నాం, ఆవిడ కాళ్లు చూసింది. రిఫరీ ఆవిడ మాట విన్నాడో, తనకే తోచిందో, ఇద్దరి మధ్యకూ వచ్చి కుర్రాడి కళ్లలోకి చూసి పోటీ ఆపేశాడు.

అబ్బాయి తల్లిమీద అలిగి రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదట.