కూర అయిపోయాక తినేవాళ్ళం

మొన్న పరగడుపున వేలు గుచ్చి చూసుకుంటే షుగర్ 118. పర్లేదనుకున్నాను. అదే రోజు భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకి చూస్తే 256! ఆ రోజు స్వీటు ముట్టలేదు. చాయ్‌లో చక్కెర కూడా వేసుకోలేదు.

మా అమ్మ కూడా ఎప్పుడూ పరగడుపు రిపోర్టే చూపించి "కంట్రోల్లనే ఉంది" అనేది. తిన్నాక ఎంతుందో ఏనాడూ చూడలేదు. చివరికి షుగర్ వల్ల కుడి కన్ను చూపు పోయింది. అందుకే ఆ 256 చూడగానే నా చేతులు చల్లబడ్డాయి.

మాది శాలిబండ. పొద్దున ఆరింటికి చాయ్, దాంతో రెండు ఉస్మానియా బిస్కెట్లు (పాతబస్తీ వాళ్ళకి అవి తిండి కింద లెక్క కాదు కదా!). అందరూ వెళ్ళాక పదిన్నరకి చల్లారిన ఉప్మా. మూడింటికి అన్నం. అప్పటికి కూర గిన్నెలో మిగిలేది కాస్త నూనె, రెండు బెండకాయ ముక్కలు. పప్పు అత్తమ్మకి, పిల్లలకి సరిపోతుంది. నాకు అన్నం, చారు, మామిడికాయ తొక్కు. పారేయబుద్ధి కాక కుక్కర్ అడుగున ఉన్న పిడికెడు కూడా నేనే.

నన్నడిగితే మనలాంటి ఆడవాళ్ళకి మిఠాయిల కన్నా ఇలా ఆఖర్న తినడమే ఎక్కువ చేటు. పీచు, పప్పు తోడు లేని అన్నం తొందరగా అరిగి, చక్కెరంతా ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని ఉంది. నా కంచంలో అన్నం తప్ప ఇంకేముంది?

ఇప్పుడు వండగానే నా కూర, పప్పు ఒక గిన్నెలో తీసి పక్కన పెడుతున్నాను. ముందు అవి సగం తిని, తర్వాతే అన్నం. తిన్నాక గల్లీలో బండ్ల మధ్య నడవలేను కాబట్టి మిద్దె మీద పదిహేను నిమిషాలు తిరుగుతాను. వారం తర్వాత 178 వచ్చింది. జొన్నరొట్టె అయితే ఎన్నైనా తినొచ్చనే మాట మాత్రం నమ్మకండి. మూడు తిన్న రోజు మీటర్ నా పరువు తీసింది. శనివారం ఉపవాసమని సగ్గుబియ్యం ఖిచిడీ తినేవాళ్ళూ ఒకసారి చూసుకోండి, అది కూడా పిండే. స్ట్రిప్పులు ఖరీదే, రోజూ గుచ్చుకోమనను. వారంలో రెండు రోజులు, వేర్వేరు పూటలు చూసుకున్నా చాలు, ఏది తింటే ఎంత పెరుగుతోందో తెలిసిపోతుంది.

మందుల సంగతి మాత్రం సొంతంగా తేల్చుకోవద్దు. మా పక్కింటి ఆపా రంజాన్‌కి ముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఏ మాత్ర సహరీకి, ఏది ఇఫ్తార్‌కి అని రాయించుకొస్తుంది. మనం ఒక్కపొద్దు ఉన్న రోజు కూడా అదే మాత్ర మింగేస్తాం. షుగర్ 70 కన్నా పడిపోతే చెమటలు, వణుకు. అది ఇంకో ప్రమాదం.

మొదటిరోజు నా గిన్నె చూసి అత్తమ్మ, "మొగోళ్ళు తినకముందే తీసిపెట్టుకున్నవా బిడ్డా?" అంది. నాకు మాట రాలేదు. నిన్న మాత్రం ఆమే వంటింట్లోకి వచ్చి, "నీ గిన్నె ఏది? కూర అయిపోతది" అని అడిగింది.