కుక్కలని పిలిపించుకున్నవాళ్లు

ప్రియమైన యువతీయువకులకు,

"ఎవడైనా అంతే, అన్నీ డబ్బు కోసమే" అనే మాట మీ నోట తరచుగా వింటున్నాను. ఒకరు మంచి పని చేశారంటే చాలు, వెనక స్వార్థం ఏముందా అని వెతుకుతారు. అడిగితే "నేను కాస్త సినికల్ లెండి" అంటారు, అదే తెలివికి గుర్తన్నట్టు. ఆ మాట పుట్టుక మీరు తెలుసుకోవాలని ఈ ఉత్తరం.

'సినికల్'కు మూలం గ్రీకు మాట 'క్యూనికోస్', అంటే కుక్కలాంటివాడు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో డయోజెనీస్ అనే తత్వవేత్తని కుక్క అనేవారు. నల్లసముద్రం ఒడ్డున ఉన్న సినోపి నుంచి వెలిపడి ఏథెన్స్ చేరినవాడు. పెద్ద మట్టి బానలో కాపురం, నడిబజారులో తిండి. ఆ తిట్టును ఆయన కాదనలేదు. పెట్టినవాళ్ల ముందు తోక ఆడిస్తానని, పెట్టనివాళ్లను చూసి మొరుగుతానని, దుర్మార్గుల్ని కరుస్తానని జవాబిచ్చాడట.

ఒక పిల్లవాడు దోసిటితో నీళ్లు తాగడం చూసి, తన దగ్గరున్న గిన్నెను కూడా పారేశాడని చెబుతారు. కొరింథులో అలెగ్జాండర్ ఎదుట నిలిచి ఏం కావాలో కోరుకోమంటే, ఎండకు అడ్డు తప్పుకోమన్నాడని కథ. రాజు దగ్గర పుచ్చుకోవలసింది ఏదీ లేదు గనకే ఆ మాట అనగలిగాడు.

ఆయన బాటలో నడిచిన క్రేటెస్ ఉన్న ఆస్తి వదులుకున్నాడు. ఇళ్లకు వెళ్లి తగవులు తీర్చేవాడు. ఏ ఇంటివాళ్లూ ఆయన్ని కాదనేవారు కాదు, అందుకే 'తలుపులు తెరిచేవాడు' అని పేరొచ్చింది. కలవారి బిడ్డ హిప్పార్కియా పట్టుబట్టి ఆయన్నే పెళ్లాడి, ఆయనలాగే ముతక బట్ట కట్టి వెంట నడిచింది.

మనుషుల్లో మంచి లేదనుకున్నవాళ్లు ఇన్ని గుమ్మాలు ఎందుకు తొక్కుతారు? మనిషి ఇంతకంటే బాగా బతకగలడని వాళ్లు గట్టిగా నమ్మారు. ఆ నమ్మకంతోనే మొరిగారు. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిన ఆ మాటకు, రానురాను ఎవరి మంచినీ నమ్మనివాడన్న అర్థమే మిగిలింది.

ప్రశ్నించడం మానకండి. లంచం కనిపిస్తే, అబద్ధం వినిపిస్తే నిలదీయండి. అయితే ముందు ఏ మెప్పు పోతుందని, ఏ లాభం చేజారుతుందని నోరు మూసుకుంటున్నారో చూసుకోండి. దాన్ని వదులుకోగలిగినవాడి మాటకే బలం. ఇక మంచి చేసేవాణ్ని శంకించబోయే ముందు ఒక్కరోజు అతని పక్కన నిలబడి పనిచేయండి. అప్పటికీ తప్పు కనిపిస్తే మొహం మీదే చెప్పండి.

ఆశీస్సులతో,
మీ మేలు కోరే పెద్దవాడు