పదో తరగతి మార్కులు ఎవరికి అక్కరలేదు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు మన పత్రికల్లో ఏటా ఒకే శీర్షిక కనిపిస్తుంది: ‘బాలికలదే పైచేయి’. అది అబద్ధమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పరీక్ష రాసిన అబ్బాయిల్లో 64.02 శాతం పాసయితే అమ్మాయిల్లో 70.70 శాతం పాసయ్యారు. 2024లో అబ్బాయిలు 84.32 శాతం, అమ్మాయిలు 89.17 శాతం. శీర్షిక కింద నలుగురు అమ్మాయిలు స్వీట్లు తినిపించుకుంటున్న ఫొటో ఉంటుంది. వారం తిరక్కుండానే అవే పత్రికల్లో పెద్దల హితవచనాలు మొదలవుతాయి. మార్కులు జీవితం కాదు, పదిలో తప్పినవాళ్లు ఎందరో గొప్పవాళ్లయ్యారు, డిగ్రీ అయ్యాక పదో తరగతి మార్కులు అడిగే నాథుడే ఉండడు అంటారు.

ఫలితాల రోజున పసిపిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న రాష్ట్రంలో ఆ హితవు అవసరమే. ఏ బిడ్డకైనా ఆ మాట చెప్పాలి, పదేపదే చెప్పాలి. కానీ ఆ మాటను సమాజం గురించిన సత్యంగా ఒప్పుకోవడానికి మాకు అభ్యంతరం ఉంది. డిగ్రీ అయ్యాక ఎవరూ అడగరు, నిజమే. డిగ్రీ దాకా వెళ్లనివాళ్ల సంగతేమిటి?

నేను 1990ల మధ్యలో పదో తరగతి రాశాను. ఆ మెమోను చివరిసారి బయటికి తీసింది పాస్‌పోర్టు కోసం. అప్పుడు కూడా గుమాస్తా చూసింది పుట్టిన తేదీనే, మార్కుల వైపు ఆయన కన్ను పోలేదు. ఎందుకంటే ఆ కాగితం మీద ఇంటరు, డిగ్రీ, ఎం.ఏ., పిహెచ్.డి. ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ వచ్చాను. అడుగున ఉన్నది కనపడకుండా పోయింది. నా పక్క బెంచీలో కూర్చునే అమ్మాయికి లెక్కల్లో నాకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ ఎండాకాలమే పెళ్లయింది. ఆమె దగ్గర ఉన్నది ఇప్పటికీ ఆ ఒక్క కాగితమే. ముప్పై ఏళ్లుగా ఎక్కడికెళ్లినా ఆమెను అడుగుతున్నదీ దాన్నే.

కర్నూలులో హంద్రీకి ఇవతల కల్లూరు. వంతెన దాటితే కాలేజీలు, ఆసుపత్రులు, జిల్లా ఆఫీసులు. ఇటువైపు ఎస్టేటు వాడలు, కూలి పనులకు పొద్దున్నే కదిలే ఆడవాళ్లు, వాళ్ల వెనకాల ఉలిందకొండ, పెద్దటేకూరు వైపు మెట్ట పొలాలు. ఇక్కడ తల్లులతో పదో తరగతి గురించి మాట్లాడితే మార్కుల మాట రెండోసారికి గానీ రాదు. ఒక తల్లి అన్న మాట: ‘పాసయితే సాలు మేడమ్, పిల్లకు యాడన్నా ఒక దావ సిక్కుతాది. ఫెయిలయితే వాళ్ల నాయన ఇంగ ఆగడు.’ ఈ మాటలో మా సామాజిక శాస్త్ర పాఠ్యపుస్తకాల్లో లేని నిర్వచనం ఒకటి ఉంది. మగపిల్లవాడికి పదో తరగతి ఒక మెట్టు. ఆడపిల్లకు అది పెళ్లిని వాయిదా వేయించే కాగితం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయింది. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 23.3. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం కాగితం మీద ఉంది. ఇంట్లో మాత్రం చట్టం కంటే ముందు మార్కుల జాబితా మాట్లాడుతుంది. 2024లో కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతపు అమ్మాయి ఒకరు ఇంటరు మొదటి సంవత్సరంలో 440కి 420 దాటి తెచ్చుకుంటే రాష్ట్రమంతా మెచ్చుకుంది. పదో తరగతి కాగానే ఆమెకు పెళ్లి చేయబోయారు, అధికారులు ఆపి కస్తూర్బా విద్యాలయంలో చేర్పించారు. పదిలో ఆమెకు మంచి మార్కులు వచ్చాయి. మంచిదే. అత్తెసరు మార్కులతో పాసయిన అమ్మాయికి కూడా అదే రోజు అదే పెళ్లి తప్పాలి కదా? ఆమెకోసం కూడా జీపు కదలాలి కదా? బాల్య వివాహం నుంచి రక్షణ పొందడానికి ప్రతిభ అర్హత కాకూడదు.

ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్లకు మార్కులు వేరువేరు పనులు చేస్తాయి. ప్రైవేటు జూనియర్ కాలేజీలు పదో తరగతి మార్కులను బట్టి ఫీజులో రాయితీ ఇస్తాయన్నది అందరికీ తెలుసు. అంటే మార్కు ఒక రకం రూపాయి. కొడుక్కి మార్కులు తక్కువైతే ఆ లోటును తండ్రి అప్పు చేసి పూడుస్తాడు. కూతురికి తక్కువైతే పూడ్చేవారుండరు. ‘దానికి చదువు అబ్బలేదు’ అని తేల్చేస్తారు. కూతురు తన మార్కులతోనే తన ఫీజు కట్టుకోవాలి. ఇడుపులపాయ, నూజివీడు ట్రిపుల్ ఐటీల విషయంలోనూ అంతే. 2008లో మొదలైన ఆ సంస్థల్లో సీట్లు ప్రవేశ పరీక్షతో కాకుండా పదో తరగతి ఫలితంతోనే ఇస్తూ వచ్చారు. కొవిడ్‌తో పది పరీక్షలు రద్దయిన 2020, 2021లలో మాత్రం ప్రవేశ పరీక్ష పెట్టారు. ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు స్కోరు కూడా కలిపారు. కోచింగుకు పంపే స్తోమత లేని ఇళ్లకు ఇది పెద్ద మేలు చేసింది. కానీ ఆ మేలుతో పాటే పదిహేనేళ్ల అమ్మాయి ఆరేళ్ల భవిష్యత్తును ఒక్క వేసవి ఫలితానికి కట్టేసింది.

చదువు ఆగిపోయిన చోట ఏమవుతుందో చూద్దాం. ఇరవై ఐదేళ్ల వయసులో ఇద్దరు పిల్లల తల్లి అంగన్‌వాడీ కార్యకర్త ఉద్యోగానికి దరఖాస్తు పెడుతుంది. ఆమె పెళ్లయినది కావాలి, ఆ ఊరిదే కావాలి, పది పాసయి ఉండాలి. మన రాష్ట్రంలో వచ్చిన ప్రకటనల్లో ఎంపికకు పెట్టిన నూటిలో యాభై మార్కులు పదో తరగతివే. పదేళ్ల కిందట తల్లికి జ్వరమొస్తే వంట చేసి వెళ్లి రాసిన సోషల్ పేపరు ఇప్పుడు వచ్చి ఆమె ఎదుట నిలబడుతుంది. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ కొలువులదీ ఇదే దారి. రాతపరీక్ష లేదు, పదో తరగతి మార్కుల వరసే జాబితా. ఇందులో ఇంకో చిక్కుంది. 2012 నుంచి 2019 దాకా మన రాష్ట్రంలో మార్కులు తీసేసి గ్రేడ్లు ఇచ్చారు, 2022లో మళ్లీ మార్కులు తెచ్చారు. పిల్లల మీద ఒత్తిడి తగ్గాలని గ్రేడ్లు పెట్టారు. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ తపాలా శాఖ గ్రేడు పాయింటును 9.5తో హెచ్చవేసి మార్కులుగా మారుస్తుంది. పదికి పది తెచ్చుకున్న అమ్మాయికి కూడా 95 మించదు. ముందో వెనకో పుట్టి మార్కుల మెమో సంపాదించుకున్నవాళ్లు 97తో ఆమెను దాటిపోతారు. ఆ అమ్మాయి చేసిన తప్పు ఆ ఏళ్లలో పదో తరగతి చదవడమే.

ఉమ్మడి కడప జిల్లా సంగతి వేరు. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి ఎడారి దేశాలకు ఇంటి పనికి వెళ్లే స్త్రీలకు మార్కులతో పని లేదు, పాసయిందా లేదా అన్నదే ముఖ్యం. పది పాసు కానివారి పాస్‌పోర్టు వలస తనిఖీ అవసరమైన తరగతిలోకి పోతుంది. ఆ తరగతిలో ముప్పై ఏళ్లు నిండని స్త్రీ కువైట్, సౌదీ వంటి దేశాలకు ఇంటి పనికి వెళ్లడానికి అనుమతి లేదు. స్త్రీలను కాపాడడానికే ఈ నియమం అంటారు. అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నప్పుడు ఆమె ఆ వయసు దాకా ఆగుతుందా? దొంగ దారి చూపే ఏజెంటు దగ్గరికే వెళుతుంది. అక్కడ చిక్కుల్లో పడితే ఏ రిజిస్టరులోనూ ఆమె పేరుండదు. పదిహేనేళ్లప్పుడు తప్పిన లెక్కల పరీక్ష ఇరవై ఏడేళ్లప్పుడు ఆమెను చట్టం బయటికి నెట్టింది.

అన్నిటికంటే విడ్డూరమైనది పెళ్లి సాయం. 2022 అక్టోబరులో అప్పటి ప్రభుత్వం కళ్యాణమస్తు, షాదీ తోఫా పథకాలు తెచ్చింది. వధువుకు పద్దెనిమిది, వరుడికి ఇరవై ఒకటి నిండాలి, ఇద్దరూ పది పాసయి ఉండాలి అన్నారు. కనీసం పది దాకా చదివిస్తారన్న ఆలోచన దాని వెనక ఉంది. కొన్ని ఇళ్లలో అది పనిచేసి ఉండవచ్చు కూడా. కానీ చదువుకు బహుమతి పెళ్లి ఖర్చు రూపంలోనే ఎందుకుండాలి? పై చదువుకు, సొంత పనికి ఆ డబ్బు ఆమె పేర ఇవ్వలేమా? పది తప్పిన దళిత, బీసీ పేద పిల్లలకు ఆ సాయం కూడా అందలేదు. ఎక్కువ అవసరం వాళ్లకేనని తెలియని ప్రభుత్వమేదీ ఉండదు.

ఇక ఆ మార్కులు ఎలా వస్తాయో, ఎందుకు రావో చూడాలి. 2024 ఫలితాల్లో కర్నూలు జిల్లా 62.47 శాతంతో రాష్ట్రంలో చిట్టచివర నిలిచింది. పార్వతీపురం మన్యం జిల్లా 96.37తో మొదట నిలిచింది. వెనకబాటు అనే మాటతో సరిపెట్టుకునే అలవాటున్న మనం ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించాలి. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి కుటుంబాలు సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోతాయి. మిరప కోతలు ముదిరే కాలమూ పది పరీక్షలకు తయారయ్యే కాలమూ ఒకటే. పెద్దలు పోతే ఇంట్లో ముసలివాళ్లను, చిన్నపిల్లలను చూసుకునేది పదో తరగతి చదివే అమ్మాయి. లేదా ఆమే మిరప కోతకు పోతుంది. హైబ్రిడ్ పత్తి విత్తన చేలలో క్రాసింగ్ పనికి ఏడు నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలను ఎలా ముందే డబ్బిచ్చి కట్టేసుకున్నారో దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా డ కోర్టా చాలా ఏళ్ల కిందటే, 2001లో రాశారు. ఆ పిల్లల్లో ఎందరో పరీక్ష హాలు గడప కూడా తొక్కలేదు. వాళ్లకు మార్కులు తక్కువ రాలేదు, అసలు రానేలేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు సగానికి తక్కువే. ఇంత వెలితిని మెమో మీద ఒక అంకెగా కుదించి ‘నీ ప్రతిభ ఇంతే’ అనడం పరిశోధకురాలిగా నాకు మింగుడు పడదు.

బాగా చదివితే అన్నీ సర్దుకుంటాయనే మాటకు అమెరికా నుంచి కూడా ఒక జవాబుంది. మయామీ విశ్వవిద్యాలయ పరిశోధకులు హైస్కూలు గ్రేడ్లకూ తర్వాతి సంపాదనకూ సంబంధాన్ని లెక్కించి 2014లో ప్రకటించారు. గ్రేడు సగటు ఒక పాయింటు పెరిగితే సంపాదన పురుషుల్లో 12 శాతం, స్త్రీలలో 14 శాతం ఎక్కువగా ఉంది. కాబట్టి గ్రేడ్లు లెక్కలోకి వస్తాయి. స్త్రీలకు ఇంకాస్త ఎక్కువగానే వస్తాయి. కానీ అదే గ్రేడున్న పురుషుడితో పోలిస్తే స్త్రీ సంపాదన ఎంతో తక్కువ. బడిలో మనదైన పైచేయి గడప దాటగానే ఎక్కడ జారిపోతుందో ఆ అధ్యయనం చూపింది. మన పత్రికలు ఫలితాల మర్నాటితోనే ఆపేస్తాయి. మూడేళ్ల తర్వాత ‘ఆ పైచేయి ఎక్కడ?’ అని ఒక్క శీర్షికా చూడలేదు.

మార్కులను తీసేయమని మేం అడగడం లేదు. సిఫారసు లేని, డబ్బు లేని అమ్మాయికి తండ్రి ఎదుట చూపించుకోవడానికి ఆ కాగితమైనా ఉంది. బాల న్యాయ చట్టం 2015 ప్రకారం వయసు నిర్ధారణలో బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రానికీ మెట్రిక్యులేషన్ పత్రానికీ మొదటి చోటుంది. మెమో చేతిలో ఉన్న అమ్మాయి తనకింకా పద్దెనిమిది నిండలేదని అధికారికి రుజువు చూపగలదు. అందుకే ఇంట్లో దాన్ని ఎవరి పెట్టెలో పెట్టారన్నది కూడా హక్కుల ప్రశ్నే. పెళ్లయిన అమ్మాయి మెమో పుట్టింట్లో ఉండిపోవడం, అత్తింటి ఇంటిపేరుతో ఆధార్ మారి రెండూ కలవకపోవడం మనమందరం ఎరిగిందే.

మేం అడిగేవి వేరు. పదేళ్ల తర్వాత కొలువుకు వచ్చిన స్త్రీని ఆమె ఈనాటి శక్తితో అంచనా వేయాలి. అంగన్‌వాడీలో పసిపిల్లలతో మెలగడం, ఊరి తల్లులతో మాట్లాడడం ముఖ్యమైనప్పుడు సగం మార్కులు పాత పరీక్షకు ఎందుకు? సుగ్గికి పోయే మండలాల్లో జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా ఆడపిల్లలకు బడిలోనే తిండి, పడక ఏర్పాటు కావాలి. తప్పినవాళ్లను సప్లిమెంటరీ పరీక్షకు కూర్చోబెట్టే బాధ్యత బడి తీసుకోవాలి, ఫీజు కట్టారా లేదా అని ఇంటికెళ్లి అడగాలి. 1991లో ఏర్పడిన సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఏ వయసులోనైనా పది రాయవచ్చని పెళ్లయిన ఆడవాళ్లలో ఎందరికి తెలుసు? తెలిసినా, ఆదివారం తరగతికి వెళతానంటే ఇంట్లో వంట ఎవరు చేస్తారన్నది ముందు తేలాలి. ఆ గొడవ మనం పడాల్సిందే.

ఈ సంచిక చదివేవారిలో ఉపాధ్యాయినులు చాలామంది ఉన్నారు. మీ బడిలో మూడేళ్ల కిందట పది రాసిన ఆడపిల్లల జాబితా తీయండి. పాసయినవాళ్లూ తప్పినవాళ్లూ ఇప్పుడెక్కడున్నారో కనుక్కోండి: ఎవరు చదువుతున్నారు, ఎవరికి పెళ్లయింది, ఎవరు సుగ్గికి పోయారు, ఎవరి జాడ తెలియలేదు. పేర్లు వద్దు, ఊరూ సంఖ్యలూ చాలు. వచ్చే సంచికకు అందేలా మాకు రాయండి.