సర్వే రాళ్ల కంటే ముందు గ్రామసభ

అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టర్ గారికి, పాడేరు.



హుకుంపేట మండలం మఠం దగ్గరి మత్స్యగుండం మడుగులో ఎవరూ వల వెయ్యరు. అక్కడి చేపలు మత్స్యలింగేశ్వరుడివని భక్తులు మేత వేసి దండం పెట్టుకుంటారు. ఆ మడుగును కాపాడుతున్నది నమ్మకమే.

ఇలాంటి నమ్మకాలున్న మన జిల్లా కొండల్లో ఇప్పుడు పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు ప్రతిపాదిస్తున్నారు. మిగులు కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, అవసరానికి కిందికి వదిలి విద్యుత్ తీస్తారు. బొగ్గు తగ్గాలని మేమూ కోరుతున్నాం. వాతావరణం మారి వాన అదను తప్పితే ముందు ఎండేది మా చోడి, సామ చేలే. అయితే పట్నాల వెలుగుకు మూల్యం మా ఊటలు, కాఫీ తోటలు, కొలుపులు జరిగే చోట్లే చెల్లించాలా?

ఆచారాలను కాపాడుకునే అధికారం 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం), 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకిచ్చాయి. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ గని అక్కడి డోంగ్రియా కోంధు ఆదివాసీల ఆరాధన హక్కును దెబ్బతీస్తుందో లేదో గ్రామసభలే పరిశీలించాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత అక్కడ జరిగిన 12 గ్రామసభలూ గని వద్దన్నాయి.

మా విన్నపాలు మూడు. సర్వేకు ముందే గ్రామసభ జరిపి, ప్రాజెక్టు వివరాలను తెలుగులోనూ, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లలో వారి భాషలోనూ చెప్పించండి. మునిగే భూములతోపాటు దేవతల చోట్లను, ఊటలను కూడా రికార్డు చేయించండి. గ్రామసభ వద్దంటే ఆ తీర్మానాన్నే తుది మాటగా ప్రభుత్వానికి పంపండి.

ఇట్లు,
హుకుంపేట మండల రైతు