ప్రాజెక్టు కొనకండి, ఆటోనగర్ వెళ్లండి

మోటారులో తేడా చప్పుడు వస్తే మేస్త్రీ ఏం చేస్తాడో చూశారా? పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను దానికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటాడు. 'బేరింగు పోయింది' అంటాడు. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ఇది మామూలే. మనమేమో వైబ్రేషన్ పాఠాన్ని పరీక్ష ముందురోజు చదివి మరిచిపోతాం. ఫైనలియర్ ప్రాజెక్టు డబ్బిచ్చి కొనేవాళ్లూ ఉన్నారు. ఇంటర్వ్యూలో 'ఇందులో మీకెదురైన ఇబ్బంది ఏంటి?' అని అడిగితే నోరు పెగలదు. కొన్నదాంట్లో ఇబ్బంది ఏముంటుంది!

మెకానికల్ అయినా ఈసీఈ అయినా, ఒక పీవీడీఎఫ్ ఫిల్మ్ సెన్సర్ కొనుక్కోండి. స్క్రూడ్రైవర్ పనే ఇదీ చేస్తుంది. 28 మైక్రాన్ల మందంలోనూ దొరికే ప్లాస్టిక్ పొర ఇది. వంచినా, సాగదీసినా విద్యుదావేశం పుడుతుంది. పీవీడీఎఫ్‌లోని ఈ గుణాన్ని 1969లో జపాన్‌కు చెందిన హెయిజీ కవాయ్ బయటపెట్టారు. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా కనిపించేవి సిరామిక్ సెన్సర్లే, నిజమే. కానీ నేర్చుకోవడానికి ఇంత తేలికైనది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

దీన్ని వేడి ఇంజిన్ బ్లాకు మీద పెట్టకండి. 80 డిగ్రీలు దాటితే గుణం తగ్గిపోతుంది. లేత్ మిషన్ మోటారును బిగించిన చోట, ఫిల్ము ఒక కొన బిగించి, రెండోది గాల్లో ఊగనివ్వండి.

అసలు తిప్పలు అప్పుడు మొదలవుతాయి. 1,440 ఆర్‌పీఎం మోటారు సెకనుకు 24 సార్లు తిరుగుతుంది. బ్యాలెన్స్ తప్పితే గ్రాఫులో 24 హెర్ట్జ్ దగ్గర గీత లేస్తుంది. అలైన్‌మెంట్ తప్పితే చాలాసార్లు దానికి రెట్టింపు, అంటే 48 దగ్గర. మన కరెంటేమో 50 హెర్ట్జ్! ఫిల్ము యాంటెన్నాలా ఆ రొదనూ పట్టేస్తుంది. మరి మీకు కనిపిస్తున్నది లోపమా, కరెంటా? అర సెకను రికార్డు చేస్తే రెండూ కలిసిపోయి ఒకే గుట్టలా కనిపిస్తాయి. ఐదారు సెకన్లు తీసుకుంటే విడివిడిగా తెలుస్తాయి. షీల్డు వైరు వాడండి. మోటారు ఆపేశాక కూడా 50 దగ్గర గీత మిగిలితే అది కరెంటుదే. ఇది ఏ రెడీమేడ్ ప్రాజెక్టు రిపోర్టూ మీకు నేర్పదు.

ఒక్క షరతు. లాప్‌టాప్ తెరవకముందే 'ఏమైంది మేస్త్రీ గారూ?' అని అడిగి, ఆయన చెప్పింది రాసుకోండి. మీ గ్రాఫు దానితో కలవకపోతే ఇంకా మంచిది. ఎందుకు కలవలేదో తేల్చే పనిలో పడితే ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడే సరుకు దొరుకుతుంది. పొద్దున్నే మాత్రం వెళ్లకండి, పని ఒత్తిడిలో ఆయన మిమ్మల్ని పట్టించుకోరు.