అలిసిన గుర్రం, తాజా గుర్రం

2014 జూన్ 7 సాయంత్రం న్యూయార్క్‌లోని బెల్‌మాంట్ పార్క్ రేస్‌కోర్సుకు లక్ష మందికి పైగా తరలివచ్చారు. 36 ఏళ్లుగా ఏ గుర్రానికీ దక్కని ట్రిపుల్ క్రౌన్ ఆ రోజు కాలిఫోర్నియా క్రోమ్‌ను వరిస్తుందని వాళ్ల నమ్మకం. రెండున్నర నిమిషాల లోపే ఆ నమ్మకం వమ్మయింది. టోనలిస్ట్ అనే గుర్రం గెలిచింది. క్రోమ్ మరో గుర్రంతో కలిసి నాలుగో స్థానాన్ని పంచుకుంది. కాసేపటికే దాని సహ యజమాని స్టీవ్ కోబర్న్ టీవీ కెమెరాల ముందు నిప్పులు చెరిగారు. మూడు రేసులూ పరుగెత్తి అలిసిన గుర్రం మీదికి, మొదటి రెండింటికీ దూరంగా ఉండి తాజాగా వచ్చిన గుర్రాన్ని దించడం అన్యాయమన్నారు. అది పిరికివాళ్లు ఎంచుకునే దారి అని కూడా అనేశారు.

రెండు రోజుల తర్వాత టీవీలోనే ఆయన క్షమాపణ చెప్పుకున్నారు. కానీ ఆ మాట మాత్రం రేసు అభిమానులను ఇప్పటికీ వదిలిపెట్టలేదు.

కోబర్న్ కోపం అర్థం కావాలంటే ఆ పోటీ తీరు తెలియాలి. అమెరికా ట్రిపుల్ క్రౌన్ మూడేళ్ల వయసు గుర్రాలకు మాత్రమే. అంటే ఏ గుర్రానికైనా జీవితంలో ఒక్కటే అవకాశం. మే మొదటి శనివారం కెంటకీ డెర్బీ, రెండు వారాలకు ప్రీక్‌నెస్, మరో మూడు వారాలకు బెల్‌మాంట్. 2014లో దూరాలు వరుసగా మైలుంపావు, అంతకన్నా కాస్త తక్కువ, చివరికి మైలున్నర. ఆధునిక రేసు గుర్రాలకు నెలకోసారి పరుగే ఎక్కువ అనుకునే కాలంలో ఐదు వారాల్లో మూడు రేసులంటే మామాలు పరీక్ష కాదు. 2014 బెల్‌మాంట్‌లో పరుగెత్తిన 11 గుర్రాల్లో మూడు రేసుల్లోనూ పాల్గొన్నవి మూడే మూడు.

పైగా క్రోమ్ అంటే జనానికి వల్లమాలిన అభిమానం. లక్షల డాలర్లు పలికే గుర్రాల మధ్య ఇది పేదింటి బిడ్డ. దాని తల్లిని 8,000 డాలర్లకు కొన్నారు. ఆ గుర్రాన్ని కొనేవాడు గాడిదే అయ్యుంటాడని ఎవరో అంటే, యజమానులిద్దరూ ఆ తిట్టునే తమ భాగస్వామ్యానికి పేరుగా పెట్టుకున్నారు. ట్రైనర్ ఆర్ట్ షెర్మన్‌కు అప్పటికి 77 ఏళ్లు. 1955లో స్వాప్స్ అనే గుర్రం రైల్లో డెర్బీకి బయల్దేరినప్పుడు దాని వెంట వెళ్లిన కుర్రాడు ఆయనే. ఇంత కథ ఉన్న గుర్రం ఓడిపోతే యజమానికి కడుపు మండటంలో వింత లేదు. స్టార్టింగ్ గేటు దగ్గరే పక్క గుర్రం తొక్కడంతో క్రోమ్ ముందు కాలి మడమ చీరుకుపోయిందని తర్వాత తేలింది. కోబర్న్ ఆ గాయం సంగతి చెప్పి ఊరుకుని ఉంటే దేశమంతా ఆయన వెంటే ఉండేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఎదుటివాళ్లను ఆడిపోసుకోవడంతో సానుభూతి కాస్తా ఆవిరైంది.

ఎందుకంటే ఆయన నిందించిన గుర్రం నిజానికి ఎవరికీ భయపడి దాక్కోలేదు. ఆ వసంతంలో టోనలిస్ట్‌కు ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. దాంతో డెర్బీకి అర్హత పాయింట్లు తెచ్చిపెట్టగల వుడ్ మెమోరియల్ రేసు తప్పిపోయింది. 2013 నుంచి పాయింట్లు లేనిదే డెర్బీ గేటు తెరుచుకోదు. కోలుకున్నాక మే 10న మరో రేసు గెలిచి, నాలుగు వారాల తర్వాత బెల్‌మాంట్‌కు వచ్చింది.

అంతకన్నా విచిత్రం దాని యజమాని రాబర్ట్ ఎవాన్స్ కుటుంబ చరిత్ర. 1981లో ఆయన తండ్రి గుర్రం ప్లెజంట్ కాలనీ డెర్బీ, ప్రీక్‌నెస్ రెండూ గెలిచి బెల్‌మాంట్‌లో మూడో స్థానంతో సరిపెట్టుకుంది. దాన్ని ఓడించిన సమ్మింగ్ మొదటి రెండు రేసుల్లోనూ పరుగెత్తని గుర్రమే. టోనలిస్ట్ తల్లి ఆ ప్లెజంట్ కాలనీ కూతురు. కోబర్న్ మింగలేకపోయిన చేదు ఆ ఇంట్లో 33 ఏళ్ల కిందటే మింగి ఉన్నారు.

గెలిచినవాళ్లే నొచ్చుకున్న సందర్భమూ ఉంది. 2004లో అప్పటిదాకా ఓటమి ఎరగని స్మార్టీ జోన్స్ బెల్‌మాంట్ మలుపు తిరిగి ముందుకు దూసుకొస్తుంటే గ్యాలరీలు దద్దరిల్లాయి. చివరి గజాల్లో బర్డ్‌స్టోన్ దాన్ని దాటేసింది. బర్డ్‌స్టోన్ డెర్బీలో పరుగెత్తినా ప్రీక్‌నెస్‌కు వెళ్లలేదు. ఆ క్షణంలో రేస్‌కోర్సు మూగబోయింది. గెలిచిన జాకీ ఎడ్గర్ ప్రాడో, యజమానురాలు మేరీలూ విట్నీ ఇద్దరూ తమ విజయానికి విచారం వెలిబుచ్చారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. ఇక్కడ గెలిచినవాళ్లు ఇంటికెళ్లేదాకా కూడా ఆగలేదు. అది మర్యాదే కావచ్చు. కానీ నిబంధనల ప్రకారం గెలిచిన గుర్రం తరఫున క్షమాపణ దేనికని అడిగిన అభిమానుల మాటలోనూ పస ఉంది. గెలుపుకు సిగ్గుపడాల్సి వస్తే ఆ పోటీకి అర్థమేముంది?

పిరికి దారి అనేది ఉంటే అది వేరేచోట కనిపిస్తుంది. 2009లో రేచల్ అలెగ్జాండ్రా అనే ఆడ గుర్రం తన తోటి ఆడ గుర్రాల రేసు కెంటకీ ఓక్స్‌ను 20 లెంగ్తులకు పైగా తేడాతో గెలిచింది. ఒక లెంగ్త్ అంటే ముక్కు నుంచి తోక దాకా ఒక గుర్రం నిడివి. దాన్ని కొన్న కొత్త యజమాని మగ గుర్రాల మీద ప్రీక్‌నెస్‌లో దించుతానన్నారు. ఆ రేసులో 14 గుర్రాలకే చోటు. ముందుగా పేరు నమోదు కాని రేచల్‌కు అందరికన్నా చివరి ప్రాధాన్యం. దాంతో డెర్బీ గెలిచిన మైన్ దట్ బర్డ్ యజమానుల్లో ఒకరితో పాటు మరో యజమానికీ ఒక ఉపాయం తట్టింది. గెలిచే అవకాశం లేకపోయినా ఏవో గుర్రాలను దించి ఖాళీలన్నీ నింపేస్తే రేచల్ బయటే ఉండిపోతుంది కదా అన్నది ఆ ఆలోచన. సంగతి పొక్కగానే ఛీకొట్టనివాళ్లు లేరు. ఆ ఉపాయాన్ని వాళ్లే వదులుకున్నారు. రేచల్ కోసం అవసరమైతే తన గుర్రాన్ని విరమింపజేస్తానని ఒకావిడ ముందుకొచ్చారు. ఆవిడ మరెవరో కాదు, బర్డ్‌స్టోన్ యజమానురాలు మేరీలూ విట్నీయే. మైన్ దట్ బర్డ్ ఆ బర్డ్‌స్టోన్ కొడుకే!

రేసు జరిగింది. డెర్బీలో మైన్ దట్ బర్డ్‌ను గెలిపించిన జాకీ కాల్విన్ బోరెల్ దాన్ని వదిలేసి రేచల్ జీను ఎక్కారు. 1924 తర్వాత ప్రీక్‌నెస్ గెలిచిన తొలి ఆడ గుర్రంగా రేచల్ చరిత్రకెక్కింది. ఒక్క లెంగ్త్ తేడాతో రెండో స్థానంలో నిలిచింది మైన్ దట్ బర్డ్. తలుపు మూసేసి ఉంటే ఆ గుర్రానికి మరో కిరీటం దక్కేదేమో. అయితే ఎవరిని ఓడించి దక్కించుకుందన్న ప్రశ్న మాత్రం జీవితాంతం వెంటాడేది.

అభిమానుల వాదాలు చివరికి తేలేది ఈ ప్రశ్న దగ్గరే. మలక్‌పేటలో రేసు పుస్తకం తిరగేసే పంటర్ అయినా, కెంటకీలో పెద్ద టోపీ పెట్టుకొచ్చే శ్రీమంతురాలైనా ముందు చూసేది ఆ గుర్రం ఎవరిమీద గెలిచిందనే. గుర్రప్పందెం జూదమా, నైపుణ్యమా అన్న వివాదంలో 1996లో మన సుప్రీంకోర్టు నైపుణ్యం వైపే మొగ్గింది. ఆ నైపుణ్యంలో సగం ఇలాంటి బేరీజులోనే ఉంది.

అంకెలే కొలమానమైతే గొడవే లేదు. ఇంగ్లండ్ గుర్రం ఫ్రాంకెల్ 14 రేసుల్లో 14 గెలిచింది. ఆస్ట్రేలియా ఆడ గుర్రం బ్లాక్ కేవియర్ 25కు 25. విన్‌క్స్ చివరి 33 రేసులూ వరసగా గెలిచి 2019లో రిటైరైంది. అయినా ఫ్రాంకెల్ ఇంగ్లండ్ దాటలేదని, విన్‌క్స్ ఆస్ట్రేలియా దాటలేదని, బ్లాక్ కేవియర్ పొట్టి దూరాల రాణి మాత్రమేనని సణిగేవాళ్లు సణుగుతూనే ఉన్నారు. మరోవైపు సెక్రెటేరియట్‌ను చూడండి. 1973లో బెల్‌మాంట్‌ను 31 లెంగ్తుల తేడాతో, 2 నిమిషాల 24 సెకన్లలో గెలిచిన ఆ గుర్రం రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. అదే ఏడాది అది ఆనియన్ అనే అనామక గుర్రం చేతిలో ఓడింది. ఉల్లిపాయ చేతిలో ఓడిందని దాని కీర్తిని ఒక్క వీసం తగ్గించినవాళ్లు లేరు.

జెన్యాటా విషయంలోనైతే ఓటమే కీర్తిని పెంచిందనాలి. వరసగా 19 రేసులు గెలిచినా, ఎక్కువగా కాలిఫోర్నియాలోనే, ఎక్కువగా ఆడ గుర్రాల మీదే గెలిచిందన్న విమర్శ దాన్ని వదల్లేదు. 2010లో తన ఆఖరి రేసు బ్రీడర్స్ కప్ క్లాసిక్‌లో అందరికన్నా వెనక నుంచి వచ్చి, బ్లేమ్ అనే మగ గుర్రం చేతిలో తల తేడాతో ఓడింది. ఆ పరుగు చూశాక విమర్శకుల నోళ్లు మూతపడ్డాయి. ఆ ఏటి మేటి గుర్రం పురస్కారం కూడా దానికే దక్కింది. ఓడించిన గుర్రాన్ని కాదని ఓడిన గుర్రానికి ఇవ్వడమేమిటని బ్లేమ్ అభిమానులు వాపోయారు. అందులోనూ న్యాయముంది. ఆ రోజు జాకీ మైక్ స్మిత్ కన్నీళ్లు పెట్టుకుని తప్పంతా తనదేనన్నారు. కోబర్న్‌కు పాఠం కావాలంటే నాలుగేళ్ల ముందే సిద్ధంగా ఉంది.

ఇక ప్రత్యర్థి వల్లే గొప్పదైన గుర్రానికి తిరుగులేని ఉదాహరణ అఫర్మ్‌డ్. 1978లో మూడు రేసుల్లోనూ దాని వెనక అలిడార్ ఉంది. డెర్బీలో తేడా ఒకటిన్నర లెంగ్త్, ప్రీక్‌నెస్‌లో మెడ, బెల్‌మాంట్‌లో తల. అఫర్మ్‌డ్ మీద ఉన్నది స్టీవ్ కాథెన్ అనే 18 ఏళ్ల కుర్రాడు. మూడు రేసుల్లోనూ రెండో స్థానంలో నిలిచిన గుర్రం చరిత్రలో అలిడార్ ఒక్కటే. అది లేకపోయి ఉంటే అఫర్మ్‌డ్ సునాయాసంగా గెలిచేది, జనం అంతే సునాయాసంగా మరిచిపోయేవారు. ఈ జంటలో తాజా గుర్రం, అలిసిన గుర్రం అన్న తేడా లేదు. రెండూ ఒకేలా అలిసిపోయాయి.

కోబర్న్ పక్షాన ఉన్న అసలు వాదం ఇదే. అందరూ మూడు రేసులూ పరుగెత్తాలి, లేదా రేసుల మధ్య గడువు పెంచాలి. 2014 తర్వాత ఈ డిమాండు గట్టిగానే వినిపించింది. మరుసటి ఏడాదే అమెరికన్ ఫారో, 2018లో జస్టిఫై పాత నిబంధనల కిందే మూడూ గెలవడంతో అది చల్లబడింది. తాజా గుర్రాలు అడ్డుపడే ప్రమాదం లేకపోతే వందేళ్లకు పైబడిన ఈ కిరీటం 13 గుర్రాలకే పరిమితమయ్యేదీ కాదు, ఇంత మెరిసేదీ కాదు.

అయితే ఈ వాదన 2025లో అడ్డం తిరిగింది. డెర్బీ గెలిచిన సావరిన్‌టీని ట్రైనర్ బిల్ మాట్ ప్రీక్‌నెస్‌కు పంపనే లేదు. రెండు వారాల్లో మళ్లీ పరుగెత్తించడం గుర్రానికి మంచిది కాదన్నది ఆయన లెక్క. డెర్బీలో రెండో స్థానంలో నిలిచిన జర్నలిజం మాత్రం ప్రీక్‌నెస్‌కు వెళ్లింది. ఆఖరి మలుపు తర్వాత రెండు గుర్రాల మధ్య నలిగి, తేరుకుని, అర లెంగ్త్ తేడాతో గెలిచింది. జూన్ 7న, అంటే కోబర్న్ కోపానికి సరిగ్గా 11 ఏళ్లకు, రెండూ బెల్‌మాంట్ స్టేక్స్‌లో మళ్లీ తలపడ్డాయి. విశ్రాంతి తీసుకున్న సావరిన్‌టీ మూడు లెంగ్తుల తేడాతో గెలిచింది.

ఇంతకుముందు కిరీటానికి అడ్డుపడేది బయటి గుర్రాలు. ఇప్పుడు కిరీటానికి అర్హత ఉన్న గుర్రమే దాన్ని వద్దనుకుంది. దీన్ని పిరికితనమనడం అన్యాయం. ఎప్పుడు ఆగాలో గుర్రం చెప్పలేదు కాబట్టి దాని తరఫున ఆగాల్సింది మనిషే. మాట్ చేసింది ఆ పనే. కానీ అందరూ అలాగే ఆలోచిస్తే ఏమవుతుందో ఇంగ్లండ్ చూపించింది. మన దేశపు క్లాసిక్ రేసులకు మూలమైన ఆ దేశంలో 1970లో నిజిన్‌స్కీ తర్వాత ట్రిపుల్ క్రౌన్ గెలిచిన గుర్రం లేదు. డెర్బీ విజేతలను దీర్ఘదూరపు సెయింట్ లెజర్‌కు పంపడమే యజమానులు దాదాపు మానేశారు. అక్కడ కిరీటాన్ని ఎవరూ దొంగిలించలేదు, పట్టించుకునేవారే కరువయ్యారు.

2025 వేసవంతా ఏది మేటి అన్న చర్చ సాగుతూనే ఉంది. మూడు రేసులకూ వెళ్లిన జర్నలిజం జూలైలో హాస్కెల్ స్టేక్స్ గెలిచింది. సావరిన్‌టీ ఆగస్టులో ట్రావర్స్‌ను 10 లెంగ్తుల తేడాతో గెలిచి, విశ్రాంతి వృథా కాలేదని నిరూపించింది. నవంబర్‌లో బ్రీడర్స్ కప్ క్లాసిక్‌లో లెక్క తేలుతుందని అభిమానులు ఎదురుచూశారు. రేసుకు ముందు సావరిన్‌టీకి జ్వరం వచ్చింది, విరమింపజేశారు. జపాన్ నుంచి వచ్చిన ఫరెవర్ యంగ్ ఆ రేసు గెలుచుకుంది. ఏడాది కిందట అదే రేసులో మూడో స్థానంలో నిలిచి, మళ్లీ ప్రయత్నిద్దామని వచ్చిన గుర్రమది.