లెక్కకు రాని జనము

2002 ఆగస్టు మాసమున అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ నగరమునకు చేరువనున్న ఎసేసా విమానాశ్రయములో మరియా మగ్దలేనా లమద్రిద్ అను స్త్రీని అధికారులు నిలిపివేసిరి. ఆమె పనామా దేశమునకు బయలుదేరి వచ్చినది. చేతిలో అర్జెంటీనా పాసుపోర్టు ఉన్నది. అది దొంగపత్రమని అధికారుల అనుమానము. పత్రములో లోపమేదియు వారికి కనిపించలేదు. లోపమెల్ల ఆమె ఒంటి రంగులోనే కనిపించినది. నల్లని స్త్రీ అర్జెంటీనా పౌరురాలు అగుట వారి ఊహకు అందలేదు. ఆమె వంశమువారు ఐదు తరములుగా ఆ దేశముననే పుట్టి, ఆ మట్టిలోనే కలిసినవారు. ఆమెను ఆపిన ఉద్యోగులు ప్రత్యేకముగా దుర్మార్గులని అనుకొనవలసిన పని లేదు. వారు చిన్ననాడు బడిలో నేర్చిన పాఠమునే ఆనాడు అప్పగించిరి.

ఆ పాఠమేమి? మెక్సికోవారు అజ్టెక్కులనుండి, పెరూవారు ఇంకాలనుండి పుట్టిరి. అర్జెంటీనావారు మాత్రము ఓడలనుండి దిగిరి అని అచ్చట ఒక వాడుక మాట కలదు. ఓడలనగా ఇటలీనుండియు, స్పెయిన్‌నుండియు పొట్టకూటికై వలసవచ్చినవారి ఓడలని దాని భావము. మాట చమత్కారముగానే ఉన్నది. కాని ఆ రేవునకు అంతకుముందే, రెండు శతాబ్దములకు పైగా, వేరొక రకపు ఓడలు వచ్చుచుండెను. వానినుండి దిగినవారు దిగలేదు, దింపబడిరి.

1580లో బ్యూనస్ ఎయిర్స్ పట్టణము రెండవమారు వెలసినది. ఆ దశాబ్దము ముగియక మునుపే ఆఫ్రికా బానిసలు అచ్చటికి చేరిరి. పోటోసీ వెండి గనుల సీమకు వారిని తరలించుట వర్తకులకు మంచి బేరము. రేవునుండి కొర్దోబాకు, అచ్చటినుండి తుకుమాన్ మీదుగా ఉత్తరమునకు సంకెళ్ల బారులు నడచినవి. అంగోలా, కాంగో తీరములవారు అధికము. కొందరు బ్రెజిల్ మీదుగా వచ్చిరి. ప్రభుత్వ అనుమతితో వచ్చినవారెందరో, దొంగరవాణాగా దిగినవారును అందరు. 1713 తరువాత ఇంగ్లండు దేశపు సౌత్ సీ కంపెనీ ఈ వర్తకమునకు గుత్త సంపాదించి, ఊరికి ఉత్తరపు కొసనున్న రెటీరో అను చోట బానిసల విక్రయశాల నడపినది. ఆ ప్రాంతముననే నేడు దేశ విమోచకుడైన సాన్ మార్టిన్ పేరిట ఉద్యానమున్నది. ఆయన గుర్రమునెక్కి దిక్కు చూపుచున్న విగ్రహమున్నది.

1778లో స్పెయిన్ రాజు ఆజ్ఞచే జరిగిన గణనలో ఆ నగర జనము సుమారు 24 వేలు. అందు నల్లవారును, మిశ్రమ సంతానమును కలిసి 7 వేలకు మించిరి. అనగా పదిమందిలో ముగ్గురు. ఉత్తరమున తుకుమాన్ ప్రాంతములో వీరి పాలు సగమును దాటినది. వీరు చేయని పని లేదు. బట్టలు ఉతికిరి, రొట్టెలు కాల్చిరి, చెప్పులు కుట్టిరి, ఇండ్లు కట్టిరి, పసిబిడ్డలకు పాలిచ్చి పెంచిరి, వీధులలో కొవ్వొత్తులు అమ్మిరి. అనేకులు తాము ఆర్జించినదానిలో అధిక భాగమును యజమానికి చెల్లించి, మిగిలిన కాసులు కూడబెట్టి తమ స్వేచ్ఛను తామే కొనుక్కొనిరి. తమ పూర్వుల సీమల పేరిట 'నేషన్లు' అను సంఘములు కాంగోవారికొకటి, బెంగేలావారికొకటి ఏర్పడినవి. అవి తమవారిని విడిపించుటకు అప్పు లిచ్చినవి, చావులకు సాయపడినవి, ఆదివారములందు కందొంబే నృత్యములు జరిపించినవి. ఆ తప్పెటల చప్పుడుచే నగరములో ఒక పేటకు తప్పెటల పేట యనియే పేరు వచ్చినది.

1830 తరువాతి దశకములో కూడ నగరములో వీరు దాదాపు 15 వేలమంది, జనములో నాల్గవ వంతునకు సమీపముగా ఉండిరి. 1887 గణన నాటికి నగర జనాభా 4,33,375. అందు ఆఫ్రికా సంతతివారుగా లెక్కకు వచ్చినవారు 8,005 మంది. నూటికి ఇద్దరైనను లేరు. ఒక మనుష్యుని ఆయుర్దాయములో ఇంత జనము ఏమైనది?

అర్జెంటీనా పాఠ్యపుస్తకములలో దీనికి చిరకాలముగా సిద్ధమైన సమాధానము కలదు. యుద్ధములలో చచ్చిరి, పచ్చజ్వరముచే పోయిరి, వలసవచ్చిన వెల్లువలో కలిసిపోయిరి. మూటిలోను సత్యము లేకపోలేదు. మూడును చేర్చినను లెక్క సరిపోదు. అధ్యాపకులకు ఇట్టి లెక్కలందు ఆసక్తి సహజము కావున దీనిని కొంచెము నిదానముగా చూడదగును.

మొదట యుద్ధములు. 1813లో స్వతంత్ర ప్రభుత్వపు శాసనసభ, ఆ సంవత్సరము జనవరి 31 తరువాత బానిస స్త్రీలకు పుట్టిన బిడ్డలు స్వతంత్రులని శాసించినది. వినుటకు గొప్ప మాటయే. అయినను ఆ బిడ్డ మగవాడైనచో ఇరువది యేండ్లవరకు, ఆడపిల్ల యైనచో పదునారేండ్లో పెండ్లియో వచ్చువరకు తల్లి యజమానునికే కొలువు చేయవలెను. బానిసత్వము రాజ్యాంగముచే పూర్తిగా రద్దగుటకు 1853 వరకును, ప్రత్యేక రాజ్యముగా నిలిచిన బ్యూనస్ ఎయిర్స్‌లో 1860–61 వరకును ఆగవలసివచ్చినది. ఈలోపల విముక్తికి దగ్గరి దారి సైన్యమొక్కటే. ప్రభుత్వము యజమానులనుండి బానిసలను కొని, కొన్ని యేండ్లు తుపాకి మోసినచో విడుదల యని చెప్పి పటాలములలో చేర్చెను. 1817లో ఆండీస్ పర్వతములు దాటి చిలీని విడిపించిన సాన్ మార్టిన్ సేనలో 7వ, 8వ పటాలములు వారివే. చిలీ, పెరూ యుద్ధములు ముగిసిన పిదప వారిలో ఇల్లు చేరినవారు బహు కొద్దిమంది. 1827 నాటికి బ్యూనస్ ఎయిర్స్ నల్లవారిలో నూర్గురు స్త్రీలకు పురుషులు అరువదిమంది యైనను లేరు. ఈ ఒక్క అంకెలో ఎన్ని ఇండ్ల దుఃఖమున్నదో ఊహించవచ్చును. కాని రాకపోయినవారందరు చచ్చిరనుట సరికాదు. 1980లో ఈ చరిత్రపై ప్రామాణిక గ్రంథమును ప్రకటించిన అమెరికా చరిత్రకారుడు జార్జ్ రీడ్ ఆండ్రూస్ సైనిక పట్టికలను పరిశీలించి, కొలువు విడిచి పారిపోయినవారును, దూరదేశముల నిలిచిపోయినవారును తక్కువ కారని చూపెను.

ఇక పచ్చజ్వరము. 1871లో ఆ రోగము నగరములో సుమారు 14 వేలమందిని మ్రింగినది. దక్షిణపు బీదపేటలు స్మశానము లైనవి. ఆ పేటలలో నల్లవారుండిరి. వారికంటె హెచ్చుగా ఇటలీనుండి వచ్చిన బీదలుండిరి. ఆ ఇటలీవారు ఆ జ్వరముతో అంతరించిరని ఏ పుస్తకమును చెప్పదు.

వలస మాట వేరు. 1869లో 18 లక్షలున్న దేశ జనాభా 1914 నాటికి 78 లక్షలు దాటినది. అప్పటికి ప్రతి పదిమందిలో ముగ్గురు విదేశములందు పుట్టినవారే. ఇంత నీటిలో ఏ రంగైనను పలుచబడక మానదు. అయితే, క్రొత్తవారు వచ్చినచో పాతవారి పాలు తగ్గును గాని సంఖ్య ఏల తగ్గవలెను? అయిదవ తరగతి బాలుడైనను అడుగదగిన ప్రశ్న ఇది. పదిహేను వేలు ఎనిమిది వేలెట్లయ్యెను? అంతర్వివాహములు కొంత కారణము. పురుషులు కొరవడిన సంఘములో అవి తప్పనివి. ఆ వివాహములలో పుట్టిన బిడ్డను ఏ గడిలో వ్రాయవలెనన్నది మాత్రము ప్రకృతి నిర్ణయించునది కాదు. అది గుమాస్తా నిర్ణయించెను.

ఆ గుమాస్తా చేతికి ఒక మంచి మాట దొరకినది. స్పానిష్ భాషలో 'త్రిగేన్యో' అనగా గోధుమవన్నెవాడు. తెలుగువారి పెండ్లిచూపులలో 'చామనచాయ' చేయు ఉపకారము ఎరిగినవారికి ఈ పదము శక్తి వేరుగ చెప్పనక్కరలేదు. అది ఎండకు కమిలిన తెల్లవానికి చెల్లును, ఆఫ్రికా తల్లి బిడ్డకును చెల్లును. ఒకప్పుడు నల్లవాడనియో, ములాతో యనియో వ్రాయవలసినచోట పందొమ్మిదవ శతాబ్దమున క్రమముగా ఈ గోధుమవన్నె వచ్చి చేరినది. తుదకు గోధుమవన్నెవారు తెల్లవారి లెక్కలోనికే జారిరి. ఇందు గుమాస్తానొక్కనినే నిందించుట న్యాయము కాదు. ఉద్యోగము, వివాహము, గౌరవము అన్నియు రంగునుబట్టి దొరకు సంఘములో, తన బిడ్డ పేరునెదుట గోధుమవన్నె యని పడినచో ఏ తల్లి వలదనును? కలము ప్రభుత్వముది, ఆ కలమునకు సిరా పోసినది భయము.

ప్రభుత్వపు కోరికయు దాచియుంచినది కాదు. 1853 రాజ్యాంగపు 25వ అధికరణము ఐరోపానుండి వలసను ప్రోత్సహించుట ప్రభుత్వ కర్తవ్యమని స్పష్టముగా చెప్పినది. నేటికిని ఆ వాక్యము అట్లే ఉన్నది. 1895 జాతీయ గణన నివేదిక, దేశము త్వరలో ఏకముగా శ్వేతజాతి కాగలదని సంతోషముతో పలికినది. ఇరువదవ శతాబ్దమంతయు రాజ్యము ఆఫ్రికా సంతతిని లెక్కించుటయే మానినది. లెక్కించనివారు లేనివారగుట సులభము.

వింత యేమనగా, వీరు మాయమైరని చెప్పబడిన ఆ కాలముననే వీరి గొంతు గట్టిగా వినవచ్చుచుండెను. 1858లో 'లా రాసా ఆఫ్రికానా', 1870 దశకములో 'లా హువెంతూద్', 'లా బ్రోమా' మొదలగు పత్రికలను నల్లవారే వ్రాసి నడపిరి. గిటారు మీటుచు ఆశువుగా పద్యము చెప్పి వాదమాడు 'పయాదోర్' కవులలో అగ్రగణ్యుడు గబీనో ఎసేసా నల్లవాడు. 1858లో జనించి 1916లో గతించెను. 1884 జూలై 23న మాంటెవిడియో కవి హువాన్ దె నావాతో ఆయన జరిపిన పోటీ పేరుమోసినది. ఆ దినమునే నేడు పయాదోర్ల దినముగా జరుపుచున్నారు. అవధానములు చూచిన తెలుగు పాఠకునకు ఆ సభ ఎట్లుండునో కొంత తోచును. ఆయన ఇంటిపేరును, లమద్రిద్‌ను నిలిపివేసిన విమానాశ్రయపు పేరును ఒక్కటే యగుట గమనింపదగినది. ఆ రోజులలో యజమానుల ఇంటిపేర్లే బానిసలకును సంక్రమించుచుండెను.

మరియా రెమేదియోస్ దెల్ వల్యే కథ వేరొక విధమైనది. ఈ నల్లవనిత భర్తతోను బిడ్డలతోను 1810లో ఉత్తరదేశపు సేన వెంట పోయెను. వారు మరలి రాలేదు. ఆమె నిలిచినది. తుకుమాన్ యుద్ధములో గాయపడినవారికి శుశ్రూష చేసినది. సేనాని బెల్గ్రానో ఆమెను కెప్టెను చేసెను. 1813లో అయోహుమా ఓటమినాడు శత్రువులకు చిక్కి బహిరంగముగా కొరడాదెబ్బలు తిన్నది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఆమె బ్యూనస్ ఎయిర్స్ వీధులలో బిచ్చమెత్తుచుండగా సేనాని వియమోంతే చూచి గుర్తించెను. 1828లో శాసనసభలో ఆ మాట వచ్చినప్పుడు, ఆమెతో యుద్ధములో నడచినవారు లేచి సాక్ష్యము చెప్పిరి. కొలది భరణము మంజూరైనది. స్మారకము నిర్మింపవలెనని కూడ అనుకొనిరి; నాడు అది కాగితము దాటలేదు. 1847 నవంబరు 8న ఆమె మరణించెను. ఆ తరువాత నూరేండ్లకు పైగా సాధారణ పాఠ్యగ్రంథములందు ఆమెకు చోటు లేదు. 2013లో వచ్చిన చట్టము నవంబరు 8ని ఆఫ్రికా సంతతి అర్జెంటీనీయుల జాతీయ దినముగా నిర్ణయించినది.

ఇరువదవ శతాబ్దములో ఈ జనములోనికి క్రొత్త పాయలును వచ్చి చేరినవి. కేప్ వెర్డె దీవుల నావికులు దోక్ సూద్, ఎన్సెనాదా రేవులలో స్థిరపడి 1927లోను, 1932లోను తమ సంఘములను స్థాపించుకొనిరి. 1990 తరువాత సెనెగల్ యువకులు వచ్చి వీధులలో చిల్లర వ్యాపారము సాగించుచున్నారు. బాటసారి వీరిని చూచి, నల్లవారు ఇప్పుడే వచ్చుచున్నారని అనుకొనును. పాత మరపునకు ఇది క్రొత్త బలము.

2010 జనాభా గణనలో, ఎంపిక చేసిన కొన్ని ఇండ్లకు, మీరుగాని మీ పూర్వులుగాని ఆఫ్రికా సంతతివారా యను ప్రశ్న మరల వచ్చినది. దానినిబట్టి అంచనా 1,49,493 మంది. 2022లో ఆ ప్రశ్న ప్రతి ఇంటికిని పోయినది. అవునన్నవారు 3 లక్షలు దాటిరి. పండ్రెండేండ్లలో ఈ జనము రెట్టింపైనదని వ్రాసిన పత్రికలు తొందరపడినవి. ఇంతమంది పుట్టలేదు, ఇంతమంది వలస రాలేదు. అడుగు పద్ధతి మారినది. అవునని చెప్పుటకు ధైర్యము కొంత పెరిగినది. ఏడు తరముల గోధుమవన్నె వెనుక ఒక అవ్వ ముఖమును వెదకుకొన్నవారు వీరిలో ఎందరో ఉందురు. దేశ జనాభా నాలుగున్నర కోట్లకు మించినది కావున వీరి పాలు నూటికి ఒకటి కాదు. కాని సున్న కాదు.

ఏటేట మే 25న, 1810 విప్లవ దినమును అర్జెంటీనా పాఠశాలలలో బాలబాలికలు వేషములతో జరుపుదురు. గొప్పింటి దొరసానులు, దొరలు కొందరు. తక్కినవారు కాల్చిన బెండు మసి ముఖమునకు పూసికొని, కొవ్వొత్తుల వాడుగను, చాకలి స్త్రీగను, వీధులలో గంజి యమ్ముదానిగను వచ్చి కేకలు వేయుదురు. ఇటీవల ఈ మసి పూత తగదని కొందరు అధ్యాపకులు మానిపించుచున్నారు. మానని బడులును కలవు. వేడుక ముగిసిన తరువాత పిల్లలు పంపువద్ద ముఖములు కడుగుకొందురు. ఆ కొవ్వొత్తుల వాని బిడ్డలు ఎచ్చటికి పోయిరని ఒక పిల్లవాడు అడిగినచో, పూర్వము ఉపాధ్యాయుడు యుద్ధమనియో జ్వరమనియో చెప్పెడివాడు. 2024 మే మాసమున ఆ దేశములో పదివేల పెసోల నోటు చెలామణిలోనికి వచ్చినది. దానిపై బెల్గ్రానో ప్రక్కన రెమేదియోస్ దెల్ వల్యే ముఖమున్నది.